ఫ్రీ గేమ్‌కు పైసలు పోకుండా ఇంటిల్లిపాదీ ఆడుకోవడం ఎట్లా?

లూడో ఫోన్‌లోకి దించుకోవడానికి పైసా ఖర్చు కాదు. క్యారమ్‌కు కాదు, క్యాండీ క్రష్‌కు కాదు, పొలం దున్ని పంట కోసే ఆటలకూ కాదు. వాటిని తయారుచేసేవాళ్లకు ఆదాయం ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది: మధ్యమధ్య వచ్చే ప్రకటనలు, ఆట లోపలే పెట్టిన దుకాణం. ఆడేవాళ్లలో ఎక్కువమంది ఆ దుకాణంలో ఒక్క రూపాయీ పెట్టరు. పెట్టే కొద్దిమంది ఖర్చు మీదనే మిగతావాళ్ల ఆట కూడా నడుస్తుంది. కాబట్టి ఫ్రీగా ఆడటానికి మొహమాటపడే పనిలేదు, ఆ లెక్క వేసుకునే కంపెనీ ఆట పెట్టింది. మీరు చూసుకోవాల్సింది ఒక్కటే: తెలియకుండా ఆ కొద్దిమందిలో చేరకపోవడం.

దీనికి వరుస ముఖ్యం. ముందు పైసల దారి మూయాలి, తర్వాత ఆట ఎంచుకోవాలి, ఆ తర్వాతే ఆడాలి. ఆట మరిగాక తాళం వేద్దామంటే చెయ్యి రాదు.

ముందు పైసల దారి

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరవండి. పైన కుడివైపు గుండ్రంగా ఉన్న మీ ఫొటో నొక్కి ‘సెట్టింగ్స్’లోకి వెళ్తే ‘పర్చేజ్ వెరిఫికేషన్’ అని కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో ఇది ‘ఆథెంటికేషన్’ కింద ఉంటుంది. అందులో ప్రతి కొనుగోలుకూ అడిగే ఎంపికనే పెట్టండి. ‘30 నిమిషాలకోసారి’ అనే ఎంపిక చూడటానికి సౌకర్యంగా ఉంటుంది కానీ చిక్కంతా దానిలోనే ఉంది. మీరు ఒకసారి పాస్‌వర్డ్ కొట్టి ఏదో కొంటారు, ఫోన్ పక్కన పెడతారు, బిడ్డ తీసుకుంటుంది. మిగిలిన ఆ అరగంటలో దుకాణం తలుపు తెరిచే ఉంటుంది.

వేలిముద్రతో కొనుగోలు జరిగేట్టు పెట్టుకున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఫోన్ లాక్ తీయడానికని పిల్లల వేలిముద్ర కూడా ఎక్కించి ఉంటే ఆ తాళం తాళం కాదు. వాళ్ల వేలిముద్ర తీసేయండి, లేదా కొనుగోలుకు పాస్‌వర్డే అడిగేట్టు మార్చండి.

తర్వాత అదే ఫొటో నొక్కి ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’, అందులో ‘పేమెంట్ మెథడ్స్’. అక్కడ కార్డు, యూపీఐ ఐడీ ఏవైనా ఉంటే తీసేయండి. ఆటకు ఎప్పుడైనా ఖర్చు పెట్టాలని ఉంటే గూగుల్ ప్లే రీఛార్జ్ కోడ్ కొనుక్కోండి. పేమెంట్ యాప్‌లలో దొరుకుతుంది. నెలకు ₹100 అనుకుంటే ₹100 కోడ్ ఒక్కటే. అది అయిపోతే ఆ నెలకు అయిపోయినట్టే. అన్నిటికంటే గట్టి కట్టడి ఇదే, ఎందుకంటే లేని పైసలు పోవు. అయితే ఖాతాలో వేసిన ఈ మొత్తం మళ్లీ నగదుగా బయటికి రాదు, కాబట్టి పెద్ద కోడ్ కొనకండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. ప్లే కోడ్‌లు దేశాన్ని బట్టి ఉంటాయి. దుబాయ్‌లో దిర్హాంలు పెట్టి కొన్న కార్డు జగిత్యాలలో ఉన్న తమ్ముడి ఖాతాలో పనిచేయదు. పంపాలనుకుంటే ఇంటికి పైసలే పంపి, కోడ్ ఇక్కడ కొనమనండి.

ప్లే స్టోర్‌లో నెలవారీ బడ్జెట్ పెట్టుకునే సదుపాయం కూడా ఉంది. కానీ అది దాటుతుంటే చెప్తుందే తప్ప కొనకుండా ఆపదు. దాన్ని నమ్ముకుని పైన చెప్పినవి వదిలేయకండి.

ఐఫోన్ అయితే ‘సెట్టింగ్స్’లో ‘స్క్రీన్ టైమ్’, అందులో ‘కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్’. అక్కడ స్టోర్ కొనుగోళ్ల కింద ‘ఇన్-యాప్ పర్చేజెస్’ను ‘డోంట్ అలవ్’ చేయండి. దుకాణం పూర్తిగా మూతపడుతుంది. స్క్రీన్ టైమ్‌కు వేరే పాస్‌కోడ్ పెట్టడం మాత్రం మరువద్దు.

ఆట పేజీ చదవడం

దించుకునే ముందు ఆట పేజీలో మూడు చోట్ల కన్ను పెట్టండి.

పేరు కిందనే సన్నటి అక్షరాల్లో ‘కంటెయిన్స్ యాడ్స్’, ‘ఇన్-యాప్ పర్చేజెస్’ అని ఉంటుంది. రెండూ ఉంటే రెండు దారుల్లోనూ మీ దగ్గర రాబట్టే ఆట. ‘అబౌట్ దిస్ గేమ్’ నొక్కి చివరిదాకా జరిపితే ఒక్కో వస్తువు ధర ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో రాస్తారు. చిన్న అంకె కంటే పెద్ద అంకె ఎక్కువ చెప్తుంది. ఒక్క వస్తువు వేల రూపాయలదాకా పోతుంటే, ఆ ఆట ఎవరి మీద కన్నేసిందో తెలిసిపోతుంది.

మూడోది వయసు గుర్తు: 3+, 7+, 12+ అని. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు పొరపడతారు. 3+ అంటే చిన్నపిల్లలు చూడకూడని దృశ్యాలు, మాటలు లేవని అర్థం. దుకాణం లేదని కాదు. ఇంటిల్లిపాదీ ఆడుకోదగ్గ ఆట అనడం వేరు, పైసలు అడగని ఆట అనడం వేరు.

అస్సలు దుకాణమే లేనిది కావాలంటే చదరంగం ఉంది. లిచెస్ అనే వేదిక విరాళాల మీద నడుస్తుంది. ప్రకటనలు లేవు, లోపల కొనేదీ లేదు. మన హన్మకొండ పిల్లగాడు అర్జున్ ఇరిగేసి ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 2024 డిసెంబరు జాబితాలో, ఆట బలాన్ని చెప్పే రేటింగ్‌లో 2801కి చేరాడు. భారతీయుల్లో విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటింది అతనే. ఆ పేరు చెప్పి పిల్లల్ని చదరంగం వైపు తిప్పాలనుకునే పెద్దవాళ్లు ముందు తామే రోజుకో ఆట ఆడితే పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చుంటారు.

పచ్చీసు, అష్టాచెమ్మ ఆడిన చేతులకు లూడో నేర్పక్కర్లేదు. అవ్వలు, తాతలు ఉన్న ఇంటికి మొదటి ఆట అదే కావాలి. లూడో కింగ్‌లో ‘పాస్ అండ్ ప్లే’ అని ఒక పద్ధతి ఉంది. ఒకే ఫోన్ చేతులు మారుతుంది, నెట్ అవసరం లేదు. పండుగకు అందరూ ఒక ఇంట్లో చేరినప్పుడు ఇది చాలు.

ఖాతా కట్టడం

ఆట మొదటిసారి తెరవగానే ‘గెస్ట్’గా ఆడమంటుంది. తొందరలో అదే నొక్కుతాం. గెస్ట్‌గా ఆడినదంతా చాలా ఆటల్లో ఆ ఒక్క ఫోన్‌కే కట్టుబడి ఉంటుంది. ఫోన్ నిండిందని మొబైల్ షాపులో ఎవరో ‘క్లియర్ డేటా’ నొక్కితే రెండేళ్ల ఆట పోతుంది. ‘క్లియర్ క్యాషె’ నొక్కితే ఏమీ కాదు. ఈ రెండింటికీ తేడా తెలియకనే ఎక్కువమంది నష్టపోతున్నారు.

కాబట్టి మొదటి రోజే ఆట సెట్టింగ్స్‌లోకి వెళ్లి గూగుల్ ఖాతాతోనో, ఆ కంపెనీ ఇచ్చే ఐడీతోనో కలపండి. ప్లేయర్ ఐడీ కనిపించే తెరను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు ఖాతా తిరిగి కావాలని అడిగితే కంపెనీ మొదట అడిగేది అదే. ఆటలో పేరు మాత్రం మీ అసలు పేరు వద్దు, ఊరు పేరు కలపొద్దు, ఫోన్ నంబర్ అస్సలు వద్దు. పిల్లల ఖాతాలో బడి పేరు, పుట్టిన సంవత్సరం కూడా కనిపించకూడదు.

దూరాన ఉన్నవాళ్లతో ఆడటం

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇళ్లలో ఒకరైనా గల్ఫ్‌లో ఉంటారు. వాళ్లతో ఆడటానికి ముందు వేళ కుదుర్చుకోండి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి 9:30 అయితే దుబాయ్‌లో 8, సౌదీ రాజధాని రియాద్‌లో 7. పని నుంచి వచ్చి అన్నం తినే వేళ అది. కాబట్టి ఇటువైపు పిల్లలకు మరునాడు బడి లేని రాత్రి, అటువైపు సెలవు, రెండూ కలిసే రోజు చూసుకోండి.

లూడో కింగ్‌లో ‘ప్లే విత్ ఫ్రెండ్స్’ నొక్కి గది తయారుచేస్తే ఒక కోడ్ వస్తుంది. ఆ కోడ్ మిగతావాళ్లకు పంపితే వాళ్లు ‘జాయిన్’లో కొట్టి లోపలికి వస్తారు. గది పెట్టేటప్పుడు నాణేల పందెం అడిగితే అన్నిటికంటే తక్కువది పెట్టండి. పెద్ద పందెం పెడితే నాలుగు ఆటలకే ఒకరి నాణేలు ఒడుస్తాయి, వాళ్లకు వెంటనే దుకాణం ఎదురవుతుంది. కోడ్‌ను ఆడేవాళ్లకే విడిగా పంపండి. వందమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో వేస్తే ముఖం తెలియనివాళ్లు వచ్చి కూర్చుంటారు.

దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు. రాత మెసేజ్, వాయిస్ మెసేజ్ మాత్రం వెళ్తాయి. ఆట నడుస్తుండగా ముచ్చట వాయిస్ మెసేజ్‌లలో పెట్టుకుంటే సరిపోతుంది.

సింగరేణి ఇళ్లలో ఇంకో తక్లీఫ్. గోదావరిఖనిలో, భూపాలపల్లిలో, మందమర్రిలో షిఫ్టులు మారుతుంటాయి, అందరూ ఒక వేళకు దొరకరు. అలాంటివాళ్లకు ఉత్తరాల పద్ధతి చదరంగం బాగుంటుంది. లిచెస్‌లో ‘కరస్పాండెన్స్’ ఎంచుకుని ఎత్తుకు ఇన్ని రోజులని గడువు పెట్టుకోవచ్చు. మూడు రోజులు పెట్టుకుంటే నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు నిద్ర లేచాక తీరిగ్గా ఒక ఎత్తు వేయొచ్చు. దీనికి ఇద్దరికీ ఖాతా ఉండాలి, అదీ ఉచితమే.

ఓపిక ఉంటే ఆట ఫ్రీ

ఇదే అసలు విద్య. ఈ ఆటల్లో ఎక్కువగా అమ్మేది ఓపిక లేనితనానికి మందు. అది అర్థమైతే సగం పని అయినట్టే.

క్యాండీ క్రష్ చూడండి. ఐదు ప్రాణాలు ఉంటాయి. ఒక మెట్టు ఓడితే ఒకటి పోతుంది. పోయినది 30 నిమిషాలకు ఒకటి చొప్పున తిరిగి వస్తుంది. అంటే ఐదూ పోయినా రెండున్నర గంటల్లో నిండిపోతాయి. ఆ ఖాళీలో ప్రాణాలు కొనమని అడుగుతుంది. అప్పుడు ఫోన్ పక్కన పెట్టడమే మీరు చేయాల్సిన పని. ఐదు ప్రాణాలు ఒడవడమే ఈ పూటకు హద్దు అని పెట్టుకుంటే, టైమర్ వేరే పెట్టక్కర్లేదు, ఆటే మీకు టైమర్ అవుతుంది.

ఇంకా ప్రమాదమైన ఘడియ ఓడిన మరుక్షణం. ఒక్క ఎత్తులో గెలిచేదే అనిపించినప్పుడు ఇంకో ఐదు ఎత్తులు కొనుక్కోమంటుంది. ఆ క్షణంలో ఎవరికీ లెక్క తోచదు. అందుకే నియమం ముందే పెట్టుకోవాలి: ఓడిన తెర మీద ఏదీ కొనొద్దు. కొనాలనిపిస్తే మరునాడు పొద్దున కొనొచ్చు. పొద్దున్నే లేచి దాన్ని కొనేవాళ్లు తక్కువ.

దుకాణంలో ధరలు రూపాయల్లో కాక వజ్రాలు, బంగారు కడ్డీల్లో ఎందుకు రాస్తారో ఆలోచించండి. రూపాయి కనబడకపోతే చెయ్యి వదులవుతుంది. దీనికి మందు మీరే మార్చి చూసుకోవడం. ఉదాహరణకు 550 వజ్రాలు ₹449 అనుకుందాం. ఒక్కోటి దాదాపు 82 పైసలు పడుతుంది. 120 వజ్రాల చొక్కా అంటే ₹98. బొమ్మకు చొక్కా ₹98 పెట్టి కొంటారా అని అడుక్కుంటే జవాబు వేరుగా వస్తుంది. నాలుగు చొక్కాలు కొన్నాక 70 వజ్రాలు మిగులుతాయి. ఐదోదానికి చాలవు, మళ్లీ పొట్లం కొనాలి. పొట్లం లెక్క, వస్తువు లెక్క చాలాసార్లు ఇట్లా కలవకుండా ఉంటాయి.

కొన్ని ఆటల్లో గల్లగురిగి బొమ్మ ఉంటుంది. మీరు ఆడుతున్నకొద్దీ అందులో నాణేలు నిండుతాయి. నిండాక పగలగొట్టాలంటే పైసలు కట్టాలి. మనం కూడబెట్టిందే కదా అనిపిస్తుంది. కానీ అది మీ గురిగి కాదు, అమ్మకానికి పెట్టిన మరో పొట్లం. వదిలేస్తే మీకు పోయేది ఏమీ లేదు.

మొదటి వారంలో వచ్చే చవక ‘స్టార్టర్ ప్యాక్’ పని లాభం తేవడం కాదు, మీ చేతికి కొనే అలవాటు నేర్పడం. వారానికి ₹79 అంటే చాయ్ ఖర్చులా కనబడుతుంది, ఏడాదికి 52 వారాలు, ₹4,108. గంటలో అయిపోతుందని గడియారం తిరిగే ఆఫర్లు అదే రూపంలోనో, దగ్గరి రూపంలోనో మళ్లీ వస్తుంటాయి. పండుగల చుట్టూ మరీ ఎక్కువ. ఆ గడియారానికి పరుగు పెట్టొద్దు.

ఏం వస్తుందో తెలియని పెట్టెలు కొనడం పూర్తిగా మానండి. అందులో ఏది ఎంత శాతం వస్తుందో చూపాలని ఆపిల్ 2017లో, గూగుల్ 2019లో నియమం పెట్టాయి. కాబట్టి పెట్టె పక్కన చిన్న ‘ఐ’ గుర్తు నొక్కితే ఆ శాతాలు దొరుకుతాయి. 1 శాతం అని ఉందనుకోండి. 100 పెట్టెలు తెరిస్తే ఖాయంగా వస్తుందని మనసు చెప్తుంది. లెక్క అట్లా చెప్పదు. 100 మంది తలా 100 పెట్టెలు తెరిస్తే దాదాపు 37 మందికి ఆ వస్తువు దొరకదు. వందో పెట్టె తర్వాత కూడా నూటొకటో పెట్టెకు అదే 1 శాతం. ఇన్ని తెరిస్తే తప్పక ఇస్తామని ఆటే రాసి ఉంటే తప్ప ఇది మారదు.

ఎప్పుడైనా ఇష్టపడి ఖర్చు పెట్టాలనుకుంటే రెండు చోట్ల పెట్టొచ్చని మా అభిప్రాయం. ఒకటి, ఒక్కసారి కడితే ప్రకటనలు ఎప్పటికీ తీసేసే ఎంపిక. ఇల్లంతా ఆడే ఫోన్‌కు అది దక్కుదల. రెండోది, నెలరోజుల ‘పాస్’, అంటే పైసలు కట్టినవాళ్లకు ఆ నెలలో దాటిన మెట్లకు అదనపు బహుమతులు ఇచ్చేది. అదీ మొదటి రోజు కొనకండి. చాలా ఆటల్లో పాస్ ఆఖరి రోజుల్లో కొన్నా అప్పటిదాకా మీరు దాటిన మెట్ల బహుమతులన్నీ ఒక్కసారే ఇస్తారు. నెలాఖరుదాకా ఆడి, నిజంగా ఎన్ని మెట్లు ఎక్కారో చూసుకుని అప్పుడు నిర్ణయించండి. మొదటి రోజే కొంటే ఆ పైసలు దండగ కావొద్దని ఇష్టం లేకున్నా ఆడుతారు.

‘ఫ్రీ ట్రయల్’ పేరుతో యూపీఐ ఆటోపే అడిగితే జాగ్రత్త. ఒకసారి ఒప్పుకుంటే ₹15,000 లోపు మొత్తాలు పిన్ అడగకుండానే కట్ అవుతాయి. కట్ అయ్యే 24 గంటల ముందు సందేశం వస్తుంది, దాన్ని చదవకుండా తోసేయొద్దు. ఆట తీసేస్తే చందా ఆగుతుందనుకోవడం పెద్ద పొరపాటు. ముందు ప్లే స్టోర్‌లో ‘సబ్‌స్క్రిప్షన్స్’కు వెళ్లి రద్దు చేయండి, తర్వాత మీ యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ తెరిచి అక్కడా లేదని చూసుకోండి.

ప్రకటనలు, గంటలు

‘ప్రకటన చూస్తే నాణేలు’ అన్నది మీరు కోరి నొక్కితేనే. కానీ తెర మూసే గుర్తు కొన్ని సెకన్లదాకా రాదు, వచ్చినా మూలన సన్నగా ఉంటుంది. పొరపాటున వేరే యాప్ పేజీ తెరుచుకుంటే ‘ఇన్‌స్టాల్’ నొక్కకుండా వెనక్కి రండి. నెట్ అవసరం లేని ఆటలను ఏరోప్లేన్ మోడ్‌లో ఆడితే ఎక్కువ ప్రకటనలు రావు.

ఆట గుర్తు మీద వేలు అదిమి పట్టి, ‘యాప్ ఇన్ఫో’లో ‘నోటిఫికేషన్స్’ ఆపేయండి. మీ ప్రాణాలు నిండాయి, మీ పంట కోతకు వచ్చింది అని పిలిచేది అదే. గంటలు ఎక్కువవుతున్నాయనిపిస్తే ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే ‘డిజిటల్ వెల్‌బీయింగ్’లో ఆ ఆటకు రోజుకు 30 నిమిషాలు హద్దు పెట్టండి. నిద్ర, పని, ఇంట్లో మాటలు చెడేదాకా వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

దాటకూడని గీత

ఎంట్రీ ఫీజు కట్టి, గెలిస్తే పైసలు వస్తాయనే లూడో, రమ్మీ మనం చెప్పుకుంటున్న ఆటలు కావు. తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టం సవరించి ఆన్‌లైన్ పైసల ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్ పైసల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను అంటే పోటీలుగా ఆడే వీడియో గేమ్‌లను, సరదా ఆటలను వేరుగా చూసింది. లూడో కింగ్ నాణేలు బయట రూపాయలు కావు. ఎవరైనా ఆ నాణేలు అమ్ముతానన్నా, కొంటానన్నా మాట కలపొద్దు.

‘అన్‌లిమిటెడ్ కాయిన్స్’ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్ ఎక్కించే ఫైల్, ఎక్కించొద్దు. అలాంటివి మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతాయి. ఇస్తే ఓటీపీలు వాళ్లకు చేరతాయి. వజ్రాలు ఉచితంగా ఇస్తామని ప్లే కోడ్ నంబర్ చెప్పమన్నా మోసమే. బ్యాంకు నుంచి పైసలు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ మొత్తాన్ని మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ.

పొరపాటున కొనుగోలు అయిపోతే

పిల్లలు నొక్కినా, మీరే తప్పు నొక్కినా 48 గంటలు ముఖ్యం. ఆ లోపు గూగుల్‌నే అడగొచ్చు. దాటితే ఆట తయారుచేసిన కంపెనీని అడగాలి, అది వాళ్ల దయ.

మెయిల్‌లో వచ్చిన రసీదు తెరిచి ‘జీపీఏ’తో మొదలయ్యే ఆర్డర్ నంబర్ రాసుకోండి. బ్రౌజర్‌లో గూగుల్ ప్లే తెరిచి, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’ కింద కొనుగోళ్ల చరిత్రలోకి వెళ్లండి. ఆ కొనుగోలు పక్కన ‘రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్’ నొక్కి, ఇంట్లోవాళ్లు పొరపాటున కొన్నారనే కారణం ఎంచుకుని, జరిగింది రెండు ముక్కల్లో రాయండి. జరిగిందే రాయాలి. తెలిసినవాళ్లు కొన్నదాన్ని ఎవరో దొంగతనంగా కొన్నారని రాస్తే ఫిర్యాదు తప్పుదారి పడుతుంది. ఎవరో తెలియనివాళ్లు నిజంగానే మీ ఖాతాలో కొంటే దాని దారి వేరు, 120 రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు.

కొన్న వజ్రాలను అప్పటికి ఆటలో వాడకుండా ఉంచండి. వాడేశాక పైసలు తిరిగి అడిగితే ఆట కంపెనీ ఖాతాను ఆపేసే ప్రమాదం ఉంది. ఐఫోన్‌వాళ్లు ఆపిల్ ‘రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్’ పేజీలో అడగాలి. ఎటూ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనూ ఫిర్యాదు తీసుకుంటారు.

పైసలు తిరిగి వచ్చినా రాకున్నా, అదే రోజు మళ్లీ ప్లే స్టోర్ సెట్టింగ్స్‌కు వెళ్లి ఏ తలుపు తెరిచి ఉందో చూడండి. 30 నిమిషాల ఎంపికా, మిగిలిపోయిన కార్డా, పిల్లల వేలిముద్రా? సాధారణంగా ఈ మూడింట్లో ఒకటే ఉంటుంది.